రంగుల బొమ్మ చూపిస్తే సరిపోదు

నా మొదటి ఫోటోనిక్స్ ఇంటర్వ్యూలో ప్రాజెక్టు బొమ్మ గర్వంగా చూపించాను. సిలికాన్ వేవ్‌గైడ్ మలుపులో కాంతి ఎలా వెళ్తుందో ఎరుపు, నీలం రంగుల్లో మెరిసిపోతోంది. ఎదురుగా కూర్చున్నాయన ఒక్కటే అడిగారు: ‘గ్రిడ్ సైజు సగం చేస్తే ఈ జవాబు మారుతుందా?’ నేనెప్పుడూ చేసి చూడలేదు. ఉద్యోగం రాలేదు.

అందుకే చెబుతున్నా. సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, కానీ దాని లోపల ఏ పద్ధతి నడుస్తోందో ముందు తెలుసుకోండి.

మామూలు ఆప్టికల్ ఫైబర్‌లో కోర్‌కీ, క్లాడింగ్‌కీ వక్రీభవన గుణకంలో తేడా చాలా తక్కువ. అక్కడ బీమ్ ప్రోపగేషన్ పద్ధతి (బీపీఎం) బాగా పనిచేస్తుంది. కాంతి దాదాపు ఒకే దిశలో ముందుకెళ్తుందనుకుని అడుగడుగునా లెక్క కడుతుంది. త్వరగా అయిపోతుంది. అదే పద్ధతిని సిలికాన్ చిప్‌లోని పదునైన మలుపుకు వాడితే బోల్తా పడతారు. 1550 నానోమీటర్ల దగ్గర సిలికాన్ గుణకం దాదాపు 3.48, చుట్టూ ఉండే సిలికాది 1.44. అంత తేడా ఉన్నచోట కాంతి పక్కలకు చెదురుతుంది, వెనక్కీ వస్తుంది. మామూలు బీపీఎం లెక్కలో ఆ వెనక్కొచ్చే కాంతి ఉండనే ఉండదు.

అక్కడ ఎఫ్‌డీటీడీ కావాలి. 1966లో కేన్ యీ ప్రతిపాదించిన ఈ పద్ధతి మాక్స్‌వెల్ సమీకరణాలను గ్రిడ్ మీద క్షణక్షణం నడిపిస్తుంది. ఖర్చూ ఎక్కువే. త్రీడీలో గ్రిడ్ సైజు సగం చేస్తే గడులు 8 రెట్లవుతాయి. కాలపు అడుగు కూడా తగ్గించాలి కాబట్టి పని సుమారు 16 రెట్లు.

‘కంపెనీల్లో టూల్స్ ఉంటాయిగా, మనకెందుకీ గొడవ?’ అంటారేమో. గ్రిడ్ తప్పుగా పెట్టినా టూల్ బొమ్మ అందంగానే ఇస్తుంది. అది తప్పని పట్టుకునే మనిషికే జీతం ఇస్తారు.

ఈ వారాంతం ఓ పని చేయండి. సిలికా మధ్యలో 220 నానోమీటర్ల మందం సిలికాన్ పలక అనుకోండి. దాని మొదటి టీఈ మోడ్‌కు పాఠ్యపుస్తకంలోని సమీకరణంతోనే ఎఫెక్టివ్ ఇండెక్స్ సుమారు 2.85 వస్తుంది. ఇప్పుడు పైథాన్‌లో ఫైనైట్ డిఫరెన్స్ కోడ్ మీరే రాసి పోల్చండి. గ్రిడ్ సగం చేయండి, మళ్లీ సగం చేయండి. తేడా ఎలా తగ్గుతోందో గ్రాఫ్ గీయండి. తర్వాత ఉచితంగా దొరికే మీప్‌తో ఎఫ్‌డీటీడీ మొదలుపెట్టండి.

రెజ్యూమెలో రంగుల బొమ్మ పక్కన ఆ గ్రాఫ్ కూడా పెట్టండి. నన్నడిగిన ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు. మీ దగ్గర జవాబుండాలి.