నాటకానికి జాలి వద్దు

నాటకం ముగిసింది. జనం మెట్లు దిగుతున్నారు. స్కూటరు తాళం కోసం జేబు తడుముకుంటూ ఒకాయన పక్కాయనను అడుగుతాడు: “ఎలా ఉందంటారు?” పక్కాయన జవాబు నాకు నోటికి వచ్చు. “ఈ రోజుల్లో నాటకం వేయడమే గొప్ప కదండీ!” అంతే, అక్కడితో ఆ నాటకం గురించిన మాట అయిపోయింది. రెండు గంటలు కూర్చుని చూసినదాంట్లో ఏ సీను కదిలించింది, ఏది విసిగించింది, ఎవరి గొంతు వెనక వరసదాకా రాలేదు, కూతురు పాత్ర చివర్లో ఎందుకలా మారిపోయింది, ఇవేవీ ఎవరి నోరూ దాటవు.

ఈ మాట మర్యాదగా ఉంటుంది, దయగానూ ఉంటుంది. నాటకాన్ని ప్రేమించేవాళ్లే దీన్ని ఎక్కువగా అంటారు. నేనూ ఏళ్ల తరబడి అన్నాను. ఇప్పుడు అనను. ఈ దయ తెలుగు నాటకానికి చేసినంత చెరుపు సినిమా చేయలేదు, టీవీ చేయలేదు, చేతిలోని ఫోనూ చేయలేదు.

నా మనసు మారిన రాత్రి ఒకటుంది. ఒక చిన్న ఊళ్లో ‘సత్య హరిశ్చంద్ర’ కాటిసీను చూశాను. హరిశ్చంద్రుడు వేసినాయనకు అరవై దాటి ఉంటాయి. నిలువెత్తు మనిషి, మంచి గొంతు. కానీ పద్యం ఎత్తుకుంటే అర్థం అందేది కాదు. సమాసం మధ్యలో విరిచి రాగం తీసేవాడు, హార్మోనియం వెంట పడేది, మళ్లీ సమాసం రెండో ముక్క అందుకునేసరికి మొదటి ముక్క మనకు గుర్తుండేది కాదు. కాటిసీనులో జాషువా శ్మశాన పద్యాలు పాడటం మనకు ఎంతో కాలంగా ఉన్న అలవాటు. ఆ పద్యాల బలమంతా వాటి మాటల్లో ఉంది. పక్కన కూర్చుని చెప్పినట్టు చెబితే చాలు, గుండె పట్టుకుంటాయి. ఆ రాత్రి రాగం మిగిలింది, శ్మశానం కనిపించలేదు.

అయ్యాక తెర వెనక్కి వెళ్లాను. కొబ్బరినూనె గుడ్డతో ముఖాన రంగు తుడుచుకుంటున్నాడు. “ఎలా ఉంది బాబూ, నిజం చెప్పు” అన్నాడు. “అద్భుతమండీ” అన్నాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి నా వంక చూశాడు. “అందరూ ఇదే అంటున్నారు. నాకేమో ఈమధ్య పద్యం చేజారుతున్నట్టుంటోంది. ఎక్కడో ఎవరూ చెప్పరు” అన్నాడు.

నాలుగు దశాబ్దాలుగా ఆ వేషం కడుతున్న మనిషి, తన పని ఎక్కడ తప్పుతోందో చెప్పమని చూసినవాణ్ని అడుగుతున్నాడు. నాకు తెలుసు. తెలిసీ చెప్పకుండా వచ్చేశాను. అది గౌరవమని ఆ క్షణాన అనుకున్నాను. ఆయన్ని నేను కళాకారుడిగా చూడలేదనీ, జాలిపడాల్సిన ముసలాయనగా చూశాననీ బస్సెక్కాక అర్థమైంది.

నాటకాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు మొదట చెప్పే మాట ఇది: వీళ్లంతా పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రి రిహార్సల్స్ చేసేవాళ్లు, చేతి డబ్బు పెట్టుకుని వేస్తారు, వాళ్లలో తప్పులెన్నడం న్యాయమా? న్యాయమే అంటాను. తెలుగు నాటకాన్ని నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. బళ్లారిలో సరసవినోదిని సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. అదే ఊళ్లో సుమనోరమ సభ పెట్టిన కోలాచలం శ్రీనివాసరావు వకీలు. బళ్లారి రాఘవ వకీలు. ఒక్క ఊళ్లో రెండు సభలు ఒకదానితో ఒకటి పోటీపడి నాటకాలాడాయి. కోర్టు పని ఉంది కాబట్టి మా నటనను చూసీ చూడనట్టు వదిలేయండని వాళ్లు అడగలేదు.

రాఘవ సంగతి ఇంకా ముఖ్యం. రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. ‘చిత్రనళీయం’ మొదలుకొని తెలుగు నాటకంలోకి పాటనూ పద్యాన్నీ అంత ఘనంగా తెచ్చినవాడు ఆ మేనమామే. ఆ కుటుంబంవాడే అయిన రాఘవ, నటుడు రాగాల్లో పడి పాత్రను మరిచిపోవడాన్ని ఒప్పుకోలేదు. సహజంగా మాట్లాడమన్నాడు, ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలన్నాడు. జనం వన్స్‌మోర్ కొడుతుంటే చచ్చిపడిన పాత్ర లేచి మళ్లీ పద్యం పాడే రోజుల్లో ఈ మాటలన్నాడు. ఇంట్లోవాణ్ని, అందులోనూ పెద్దవాణ్ని, కాదనడానికి ఎంత ప్రేమ ఉండాలో ఆలోచించండి. రాఘవ పేరున అవార్డులిస్తున్నాం, విగ్రహాలకు దండలేస్తున్నాం. ఆయన చేసిన ఆ ఒక్క పని మాత్రం చేయడం లేదు.

ఇక సురభి. దీనిమీద నోరు విప్పితే చాలామందికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలై, తరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బతికిన సమాజం ప్రపంచంలోనే అరుదు. వాళ్లింటి ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి పడుతుంటే పిల్లలతో పాటు నేనూ కళ్లార్పకుండా చూశాను. ఆ తాళ్లు లాగేవాళ్ల నేర్పు ముందు తల వంచాల్సిందే. కానీ సురభి గురించి మన పత్రికల్లో వచ్చే రాతలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: అంతరించిపోతున్న కళ, ఆదుకోవాలి, ఎంత కష్టం. ఆ రోజు కృష్ణుడు ఎలా చేశాడు, సంభాషణ ఎక్కడ చప్పబడింది, ట్రిక్కు సీనుకూ ట్రిక్కు సీనుకూ మధ్య కథ ఎందుకు కుంటింది అని ఒక్క వాక్యం కనబడదు. మ్యూజియంలో వస్తువును చూసి వచ్చినట్టు చూసి వస్తున్నాం.

1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ సురభి వాళ్లను అలా చూడలేదు. వాళ్లతో ‘భీష్మ’ చేయించాడు, ‘చండీప్రియ’ చేయించాడు, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని తెలుగు చేసి ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించాడు. వీళ్లకు ఇంతకన్నా వచ్చు అని నమ్మినవాడే అంత పని అడగగలడు. ఎదుటివాడికి ఇంకా చేతనవుతుందని నమ్మకపోతే విమర్శించాలనే అనిపించదు.

నాటక పోటీలు నడిపే పరిషత్తుల సంగతి వేరు. అక్కడ విమర్శ లేదనలేం. కానీ అది ముగ్గురు న్యాయనిర్ణేతల చేతిలో, మార్కుల కాగితం మీద ఉంటుంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటినుంచి ఈ పోటీలు తెలుగు నాటకానికి చేసిన మేలు చిన్నది కాదు. ఎందరో నటులు, రచయితలు ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లే. అయితే రానురాను హాల్లో కూర్చున్న మూడొందల మంది అభిప్రాయానికి విలువ లేకుండా పోయింది. ఫలితాలు ప్రకటించాక సమాజాలవాళ్లు గొడవపడతారు, ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. దాంతో నాటిక జడ్జీల కోసం తయారవడం మొదలైంది. ఒక సోఫా, ఒక ముసలి తండ్రి, విదేశంలో కొడుకు, చివర్లో వృద్ధాశ్రమం. ఈ కథను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టుకోలేదు. ప్రతిసారీ చివర తండ్రి పెద్ద డైలాగు చెబుతాడు, ముందు వరసలో కళ్లు తుడుచుకుంటారు. ఆ కొడుకు ఎందుకలా అయ్యాడో, కోడలికి చెప్పుకోవడానికి ఏముందో రచయిత అడగడు. అడగమని మనం అనలేదు కాబట్టే అడగడు.

మైకు విషయం కూడా ఎవరూ మాట్లాడరు. వేదిక ముందు వరసగా నిలబెట్టిన మైకులు, పైనుంచి వేలాడే మైకులు. ఇద్దరు మనుషులు ఒకరిమీద ఒకరు కోపంతో ఊగిపోతున్న సీనులో కూడా, మాట వచ్చేసరికి ఇద్దరూ పక్కకు జరిగి మైకుకు దగ్గరవుతారు, హాలు వైపు తిరిగి అరుస్తారు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాపురం గురించి మాట్లాడుకుంటారు. ఇది నటుల తప్పు కాదు. హాళ్లు అలా కట్టారు, గొంతు విసిరే సాధన అలా తగ్గిపోయింది. కానీ దర్శకుడితో ఎవరో ఒకరు “మీ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదండీ” అని చెప్పకపోతే, అదే నాటకమని పిల్లలు నేర్చుకుంటారు. నేర్చుకుంటున్నారు కూడా.

ఊరికే చూసినవాడికి అడిగే హక్కెక్కడిది అని ఇంకో వాదన. మన దగ్గర నాటకానికి టిక్కెట్టు పెట్టడం చాలా చోట్ల మానేశారు, పాసులిచ్చి పిలుస్తారు. పిలిచి కూర్చోబెట్టినందుకు మెచ్చుకుని పోవాలన్నట్టు తయారైంది. ఒక సాయంత్రం పూర్తిగా ఇచ్చి, రెండు బస్సులు మారి వచ్చినవాడు ఊరికే చూసినట్టు కాదు. వెనకటి సురభి గుడారం ముందు టిక్కెట్టు కొన్నవాడు, నచ్చకపోతే మర్నాడు రాడు, ఆ పూట సమాజానికి అన్నం తగ్గుతుంది. ఆ తీర్పు కఠినమైనదే గాని నిజాయితీ గలది. టిక్కెట్టు తీసేసినప్పుడు తీర్పు కూడా తీసేశాం.

చూసినవాళ్లు మాట్లాడకపోతే ఏమవుతుందో ‘చింతామణి’ చెబుతుంది. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావ్యసనానికి వ్యతిరేకంగా రాసిన నాటకం అది. ఊరూరా ఆడింది. ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి అనే వైశ్య పాత్ర నోట రచయిత రాయని మాటలు చేరుతూ వచ్చాయి. జనం నవ్వారని ఇంకొన్ని చేర్చారు. నాటకాన్ని గౌరవించేవాళ్లు చాలామంది ఇంట్లో మొహం ముడుచుకున్నారే తప్ప, సమాజాల దగ్గరకు వెళ్లి ఇవి కాళ్ళకూరి మాటలు కావు, తీసేయండి అని పట్టుబట్టలేదు. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. ఆ నిషేధాన్ని నేను సమర్థించను. ప్రేక్షకులు చేయాల్సిన పని ప్రభుత్వం చేతికి పోతే, ఒక పాత్రకు చేయాల్సిన చికిత్స నాటకం ప్రాణం మీదికి వస్తుంది.

అమెరికా వెళ్లొచ్చిన మిత్రులు బ్రాడ్‌వేలో ‘ది లయన్ కింగ్’ చూశామని చెబుతుంటే వినడం నాకిష్టం. ఏ పాట బాగుంది, ఏ ఏనుగు బొమ్మ ఎలా నడిచింది, రెండో సగం ఎక్కడ నెమ్మదించింది, అన్నీ వివరంగా చెబుతారు. అదే మనిషిని ఇక్కడ ‘శ్రీకృష్ణ రాయబారం’కి తీసుకెళ్తే “పాపం, బాగానే వేశారు” అంటాడు. రెండూ పాటతో కథ చెప్పే నాటకాలే. ఒకదానికి కన్నూ చెవీ పెట్టి చూసే మర్యాద దక్కింది, రెండోదానికి పరామర్శ దక్కింది. ఆ బ్రాడ్‌వే కూడా ఊరికే నిగ్గుదేలలేదు. న్యూయార్క్‌లో తొలి ప్రదర్శనకు ముందు వేరే ఊళ్లలో ఆడించి, జనం ఎక్కడ కదులుతున్నారో ఎక్కడ ఆవలిస్తున్నారో చూసుకుని పాటలు తీసేయడం, సీన్లు మార్చడం వాళ్ల పద్ధతి. 1943లో ‘ఓక్లహోమా’ న్యూయార్క్ చేరేలోపు పేరే మార్చుకుంది. అంతకుముందు న్యూ హేవెన్‌లో ఆడినప్పుడు దాని పేరు ‘అవే వుయ్ గో’.

అంత దూరం ఎందుకు? ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. మంచి పేరొచ్చింది. గురజాడ ఆ పేరుతో ఆగిపోలేదు. 1909లో దాదాపు కొత్త నాటకమే అనిపించేంతగా తిరగరాసి రెండో కూర్పు వేశాడు. ఇవాళ మనం మాట్లాడుకునే మధురవాణి ఆ రెండో కూర్పు మధురవాణి. మొదటి రాతనే “ఈ రోజుల్లో ఇది రాయడమే గొప్ప” అని ఆయన నమ్మి ఉంటే, మనకు ఆమె దక్కేది కాదు.

నేను కోరే విమర్శ ఎవరినీ నలుగురిలో చిన్నబుచ్చేది కాదు. నటుడి వయసునూ ఒంటినీ వెక్కిరించడం, చూడకుండానే చప్పగా ఉందనడం, ఫోనులో నాలుగు నక్షత్రాలు నొక్కి ఊరుకోవడం విమర్శ కాదు. దేన్ని చూశానో, ఏది వినపడిందో, ఎక్కడ నమ్మానో, ఎక్కడ నమ్మలేకపోయానో చెప్పాలి. బాగున్నదాన్ని కూడా అంతే వివరంగా చెప్పాలి. “శకుని పాచిక వేశాక ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు చూశారూ, అక్కడ నాకు భయమేసింది” అంటే ఆ నటుడికి శాలువా కన్నా ఎక్కువ. ఊరికే బాగుందన్నవాడికీ అలా చెప్పినవాడికీ తేడా వాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఆ హరిశ్చంద్రుడికి ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేశాను. రాగం ఎక్కడ అర్థాన్ని విరుస్తోందో పద్యం పద్యంగా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. “మూడో పద్యం సంగతి మళ్లీ చెప్పు, కాగితం తెచ్చుకుంటాను” అన్నాడు.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. మీకు దగ్గరలో ఎక్కడో ఒకచోట ఆ రోజు నాటకం ఉంటుంది. వెళ్లండి. ముందు వరస వదిలేసి చివరి వరసలో కూర్చోండి. అయ్యాక తెర వెనక్కి వెళ్లి, రంగు తుడుచుకుంటున్న మనిషిని పలకరించి, మీకు ఏం వినపడిందో, ఏం వినపడలేదో చెప్పి రండి.