విజ్ఞానవిషయములు: నక్షత్రములనుండి నావలు రాగలవా?



2025 సంవత్సరము జూలై 1వ తేదీని చిలీ దేశమందలి అట్లాస్ దూరదర్శిని యొక వింత తోకచుక్కను కనిపెట్టినది. అది మన సూర్యకుటుంబములోనిది కాదు. వేఱొక నక్షత్రసీమనుండి వచ్చిన బాటసారి. ఇట్టివి మన కంటబడుట యిది మూడవసారి. ఆ దినములలో కొందఱు అది తోకచుక్క కాదనియు, గ్రహాంతరవాసుల నావయనియు ప్రచారము చేసిరి. పదేండ్ల మా మేనకోడలు ఆ మాట విని, "అత్తా! చుక్కలనుండి ఓడలు నిజముగా రాగలవా?" అని యడిగినది. ఇంటి పెద్దలు "ఆడుపిల్ల కిట్టి యూహలేల? పోయి పాఠము చదువుకొనుము" అని కసరిరి. బిడ్డ ముఖము చిన్నబోయినది. ఆ ముఖము చూచి నాకు కలిగిన బాధయే యీ వ్యాసమునకు కారణము.

మొదట దూరమెంతయో తెలిసికొందము. సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గఱనున్న నక్షత్రము ప్రాక్సిమా. సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు పోవు వెలుతురునకే అచటినుండి మనలను చేర 4 యేండ్లకు పైగా పట్టును. అనగా దూరము సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. 1977లో అమెరికావారు పంపిన వాయేజర్ నౌక సెకండునకు 17 కిలోమీటర్ల చొప్పున పోవుచున్నది. ఆ వేగముతో అంతదూరము పోవుటకు 70 వేల యేండ్లు దాటును.

మఱి వేగము పెంచరాదా యందురేమో. ఇచటనే చిక్కున్నది. మన యంతరిక్షనౌకలలో పెక్కు దీపావళినాటి తారాజువ్వవలె మందు మండించి, దాని నొకవైపు చిమ్మి, రెండవవైపునకు పోవునవి. ఎడ్లకు వలయు గడ్డి యంతయు బండిమీదనే వేసికొని కాశీకి బయలుదేరినవాని సంగతి తలపుడు. దూరము పెరిగినకొలది గడ్డి పెరుగును. ఆ గడ్డి బరువు లాగుటకు మఱికొన్ని యెడ్లు, వానికి మఱికొంత గడ్డి కావలెను. ఈ లెక్కను రష్యాదేశపు సియొల్కోవ్‌స్కీ పండితుడు 1903లోనే ప్రకటించెను. నేటి యింధనములతో వెలుతురు వేగమున పదవవంతు సాధింపగోరినచో, మనకు కానవచ్చు విశ్వమునందలి పదార్థమంతయు ఇంధనముగా మార్చినను చాలదు.

అందుచేత పండితులు వేఱు మార్గములు వెదకిరి. ఇంగ్లండులోని బ్రిటిష్ అంతర్గ్రహ సంఘమువారు 1973 మొదలు 1978 వఱకు శ్రమించి, డెడాలస్ అను నౌకకు నమూనా వ్రాసిరి. సూర్యునిలో వలె పరమాణువులు కలియుటచే పుట్టు శక్తి దానిని నడుపును. 50 యేండ్లలో బార్నార్డు నక్షత్రమును చేరవలెనని వారి సంకల్పము. కాని 450 టన్నుల సామగ్రి పంపుటకు 50 వేల టన్నుల యింధనము కావలసివచ్చెను. అంతచేసియు నచట ఆగుటకు వీలులేదు!

1994లో మెక్సికో దేశీయుడు అల్‌క్యుబియేర్ మఱియొక గణితమును చూపెను. చాపమీద కూర్చున్న పసివాడు తాను నడువకయే, చాప లాగినంత దూరము పోవును గదా. అట్లే నౌక చుట్టునున్న ఆకాశమునే ముందు ముడిచి, వెనుక సాచినచో, నౌక వెలుతురుకంటె ముందుగా చేరవచ్చునట. గణితము కుదిరినది, కాని యందులకు ఋణశక్తి యను నొక వింతశక్తి అపారముగా కావలెను. దాని నట్లు సమకూర్చు నుపాయ మెవరికిని తెలియదు.

నాకు నమ్మదగినదిగా తోచు మార్గ మొక్కటే. గోదావరిపై తెరచాప యెత్తిన పడవ తన గాలిని తానే మోసికొని పోవునా? వెలుతురునకును త్రోయు బలము కలదు. 2010లో జపానువారి ఇకారస్ నౌక సూర్యకాంతినే తెరచాపకు పట్టి నడచినది. ఈ సూత్రముననే, కొన్ని గ్రాముల నౌకను భూమినుండి లేసరు కిరణములతో వెలుతురు వేగమున అయిదవవంతునకు త్రోయవలెనని 2016లో ఒక ప్రతిపాదన వెలువడినది. దానికి 10 కోట్ల కిలోవాట్ల శక్తి కావలెను. ఆ వేగమున ఒక మిల్లీగ్రాము ధూళికణము ఎదురైనను, దాని తాకుడు 400 కిలోల మందుగుండు ప్రేలుటకు సమానము. అట్టి నౌక నేటివఱకు బయలుదేరలేదు.

కాబట్టి నావలు రానేరవని ప్రకృతి శాసింపలేదు. వచ్చినచో చిన్నవై, మనుజులు లేనివై, ఆగకయే దాటిపోవునవై యుండుట సంభవము. అట్లాస్ మాట యందురా? దానినుండి బొగ్గుపులుసు వాయువును నీటియావిరియు వెడలుట పండితులు చూచిరి. అది తోకచుక్కయే.

నేనీ సంగతులన్నియు మా మేనకోడలికి చెప్పితిని. ఆమె పలక తెచ్చుకొని లెక్కవేసి, "ఆ చిన్న యోడను నేడు పంపినచో, అది చేరుటకు 21 యేండ్లు, కబురు వచ్చుటకు 4 యేండ్లు. అప్పటికి నాకు 35. అత్తా, నేను చూడగలను!" అని గంతులు వేసినది.

అమ్మలారా! బిడ్డ లడిగిన ప్రశ్నకు "అవును" అని కల్ల చెప్పవలదు. "నోరు మూయుము" అనియు కసరవలదు. తెలిసినంత చెప్పి, పలక చేతికిండు. ఆ నావను నిర్మించు చేతులు మన యింటి చేతులే కారాదా?