శ్రమజీవుల పిల్లలకు శరీర శాస్త్రం: ఉన్నత పాఠశాలల్లో బయోమెకానిక్స్ బోధన ఆవశ్యకత

ప్రత్యేక వ్యాసం

కర్నూలు: వ్యాయామ విద్య పీరియడ్ అంటే ఒక ఈల, ఒక బంతి, కొంతసేపు డ్రిల్లు అనే అభిప్రాయం సమాజంలో నేటికీ బలంగా ఉన్నది. 2023లో వెలువడిన పాఠశాల విద్య జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వ్యాయామ విద్యను, ఆరోగ్య శ్రేయస్సును ఇతర పాఠ్యాంశాలతో సమానమైన బోధనాంశంగా గుర్తించింది. సీబీఎస్ఈ 12వ తరగతి వ్యాయామ విద్యలో బయోమెకానిక్స్ ఒక అధ్యాయంగా ఉన్నది. న్యూటన్ గమన నియమాలు, లీవర్లు, సమతాస్థితి, గరిమనాభి, ఘర్షణ, ప్రక్షేపక గమనం అందులోని ముఖ్యాంశాలు. శరీరం ఎలా కదులుతుంది, ఏ కదలికలో ఎంత బలం ఏ కీలుపై పడుతుంది అనే విషయాలను వివరించే ఈ శాస్త్రాన్ని 12వ తరగతి వరకు ఆపకుండా, 9వ తరగతిలోనే మైదానంలో పరిచయం చేయడం సాధ్యమా అన్నది పరిశీలించదగిన అంశం. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతానికి ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది.

శ్రమపై ఆధారపడిన ప్రాంతం

ఆదోని పత్తి మార్కెట్‌కు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నాయకత్వాన ఏర్పడిన చేనేత సహకార సంఘం రాష్ట్ర సహకారోద్యమ చరిత్రలో ప్రత్యేక స్థానం పొందింది. పత్తి బోరాలు మోసే హమాలీ, గుంత మగ్గంలో కూర్చుని కాళ్లతో తొక్కుడు కర్రలు ఆడించే నేతన్న, మిరప కోతకు వలస వెళ్లే కూలీ, వీరందరికీ శరీరమే పెట్టుబడి. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం మాత్రమే. ఇటువంటి కుటుంబాల నుంచి వచ్చే విద్యార్థికి తన శరీరం పనిచేసే తీరును తెలుసుకునే అవకాశం ఉన్నత పాఠశాలలోనే లభించాలి. చాలామందికి ఆ తరువాత చదువు కొనసాగక పోవచ్చు.

మైదానమే ప్రయోగశాల

ఈ బోధనకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మెడపై తల ఊగడం త్రాసును పోలిన మొదటి తరగతి లీవరు. మునివేళ్లపై నిలబడడం రెండవ తరగతి లీవరుకు, మోచేయి మడవడం మూడవ తరగతి లీవరుకు ఉదాహరణలు. 4 కిలోల ఇనుప గుండును అరచేతిలో ఉంచుకుని మోచేతిని సమకోణంలో మడిచిన విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. గుండు మోచేతి కీలుకు సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దానిని నిలిపే కండరం కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఎముకను పట్టి ఉంటుంది. అందువలన కండరం గుండు బరువుకు సుమారు 7 రెట్ల బలాన్ని ప్రయోగించవలసి వస్తుంది. ఇందుకు ప్రతిఫలంగా చేతికి వేగం సమకూరుతుంది.

ఘర్షణను వివరించడానికి దూరం వెళ్లనవసరం లేదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో బండలాగుడు పోటీలు చూసిన ప్రతి విద్యార్థికీ బండ కదిలే తొలి క్షణమే కష్టమైనదని, కదిలిన తరువాత లాగడం కొంత తేలిక అవుతుందని తెలుసు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు మోకాళ్లు వంచి, కాళ్లు ఎడంగా ఉంచి నిలబడడంలో గరిమనాభిని కిందకు దించి స్థిరత్వం పెంచుకునే సూత్రం ఉన్నది. తెలిసిన ఆటకు శాస్త్రీయమైన కారణాన్ని జోడించడమే ఇక్కడ ఉపాధ్యాయుని పని.

గాయాల నివారణలో కీలకం

ఈ బోధన వలన కలిగే మొదటి ప్రయోజనం గాయాల నివారణ. 50 కిలోల బరువు గల బాలిక 80 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగితే నేలను తాకే వేళకు వేగం సెకనుకు సుమారు 4 మీటర్లు ఉంటుంది. కాళ్లు బిగించి 0.1 సెకనులో ఆగితే ఆ వేగాన్ని అణచడానికి 2,000 న్యూటన్ల బలం కావాలి. మోకాళ్లు వంచి 0.25 సెకనులో ఆగితే 800 న్యూటన్లు చాలు. వేసవిలో గట్టిపడే ఈ ప్రాంతపు నేలపై ఆడే పిల్లలకు ఈ తేడా ఎంతో విలువైనది.

దూకడం, హఠాత్తుగా మలుపు తిరగడం ఉన్న ఆటలలో మోకాలి లోపలి బంధకం తెగే ప్రమాదం బాలురకంటే బాలికలకు కొన్ని రెట్లు అధికమని క్రీడావైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ క్రీడాకారిణులపై జరిగి 2008లో ప్రచురితమైన పరిశీలనలో, సరైన భంగిమపై దృష్టి పెట్టే 20 నిమిషాల సన్నాహక వ్యాయామం చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తక్కువగా నమోదు కావడం గమనార్హం. ఆదోని నుంచి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సుమారు 100 కిలోమీటర్ల దూరం. కూలి కుటుంబంలోని బాలికకు ఒక్క మోకాలి గాయంతో ఆట శాశ్వతంగా దూరం కావచ్చు.

పతకానికే కాదు, పనికీ

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో తొలి పాఠం బరువును శరీరానికి దగ్గరగా ఉంచడం. 25 కిలోల మూటను నడుముకు 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడానికి, 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడానికి మధ్య ఆ మూట వలన వెన్నుపై పడే వంచే ప్రభావం రెండున్నర రెట్లు మారుతుంది. మార్కెట్ యార్డులో మూట ఎత్తే తండ్రికీ, బిందె ఎత్తే తల్లికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. పతకం గెలిచేవారు కొందరే. బరువు ఎత్తనివారు ఈ ప్రాంతంలో అరుదు.

అమలులో గమనించవలసినవి

వ్యాయామ ఉపాధ్యాయులు బి.పి.ఎడ్. కోర్సులో బయోమెకానిక్స్ చదివి వస్తారు. గమన నియమాలు 9వ తరగతి భౌతికశాస్త్రంలో ఉన్నాయి. ఇరువురు ఉపాధ్యాయులు ఒకే వారంలో ఒకే అంశాన్ని, ఒకరు తరగతిలోను, మరొకరు మైదానంలోను బోధిస్తే అదనపు పుస్తకం, అదనపు వ్యయం అవసరం ఉండవు. మొబైల్ ఫోన్‌లో నెమ్మదిగా కదిలే వీడియో తీసి విద్యార్థి తన భంగిమను తానే పరిశీలించుకోవచ్చు.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఖరీఫ్ పనులు ముగిసిన తరువాత వలసలు మొదలవుతాయి కనుక దిగడం, ఎత్తడం వంటి ముఖ్య పాఠాలను జూన్ నుంచి అక్టోబరులోగా పూర్తి చేయాలి. సీజనల్ హాస్టళ్లలో ఉండే పిల్లలకు వాటిని పునశ్చరణ చేయించాలి. తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ వినిపించే ఆదోని ప్రాంతంలో నిర్వచనాలకంటే చేసి చూపడానికే ప్రాధాన్యం ఇవ్వాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఈ పాఠం నోట్సుగా, బట్టీగా మారి ఆట సమయాన్ని హరించరాదు. వ్యాయామ పీరియడ్‌ను ఇతర పాఠాలకు మళ్లించే అలవాటు కొనసాగితే ఏ సంస్కరణ అయినా కాగితానికే పరిమితమవుతుంది.

పాఠం ఫలించిందా లేదా అన్నది మార్కులతో తేలదు. సంవత్సరాంతాన విద్యార్థి గెంతి దిగినప్పుడు మోకాళ్లు వంచాడా, మూట ఎత్తినప్పుడు దానిని దగ్గరకు తీసుకున్నాడా అన్న రెండు విషయాలను పరిశీలిస్తే చాలు.