చెయ్యి గుర్తు మళ్లీ మా కొండెక్కాలంటే



మా నానమ్మకి ఎనభై దాటాయి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ బూత్‌కి బయల్దేరే ముందు ఒకటే మాట అడుగుతుంది: "చెయ్యి ఎన్నో వరసలో ఉందిరా?" 2024లో కూడా అడిగింది. పార్లమెంటుకి మన అరకులో ఈసారి చెయ్యి గుర్తే లేదు నానమ్మా, సీపీఎంకి మద్దతిచ్చారు అని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ఇందిరమ్మ పార్టీ మనూరికి రావడం మానేసిందన్నమాట" అంది.

ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. నేను కాంగ్రెస్ వాడిని కాను. ఏ పార్టీ కండువా నా మెడలో లేదు. అయినా ఈ పార్టీ గురించి ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అసెంబ్లీ సీట్లు 7, పార్లమెంటు సీటు ఒక్కటి. 175లో 7తో మనం సొంతంగా ప్రభుత్వం పెట్టలేం. మన ఓటు కోసం పోటీ పడేవాళ్లు ఎంతమంది ఉంటే మనకి అంత బలం. ఇద్దరే ఉంటే, ఒకడు మోసం చేసినప్పుడు రెండోవాడి దగ్గరికి పోవడం తప్ప దారుండదు. మూడోవాడు నిలబడితే మిగిలిన ఇద్దరూ కూడా మన మాట వింటారు. నాకు కావాల్సింది అదే.

ఇక అసలు విషయం. మన ఏజెన్సీలో కాంగ్రెస్ ఎందుకు పోయింది?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అడిగితే రాష్ట్ర విభజన వల్ల అంటారు. మైదానంలో అది నిజమే. 2014లో 175కి సున్నా, 2019లో సున్నా, 2024లోనూ సున్నా. 2019లో అయితే రాష్ట్రం మొత్తం మీద నోటా కంటే కూడా తక్కువ ఓట్లొచ్చాయి. కానీ విభజన కోపం ఎక్కువగా మైదానానిది. కొండ మీద లెక్క వేరు.

2009లో అరకు పార్లమెంటు సీటు కొత్తగా ఏర్పడినప్పుడు మనం గెలిపించింది కాంగ్రెస్ అభ్యర్థి కిశోర్ చంద్రదేవ్‌నే. ఆ తర్వాత మన ఓటు వైఎస్ మీద అభిమానంతో ఆయన కొడుకు పార్టీకి వెళ్లింది. 108 అంబులెన్సు, పింఛను, పోడు పట్టా - ఇవన్నీ జనం వైఎస్ పేరు మీదే గుర్తుపెట్టుకున్నారు, కాంగ్రెస్ పేరు మీద కాదు. ఇది కాంగ్రెస్ చేసుకున్న మొదటి తప్పు. చట్టం తెచ్చింది పార్టీ, పేరు పోయింది మనిషికి. మనిషి పోయాక పార్టీకి ఏమీ మిగల్లేదు. ఎందుకంటే ఊళ్లో పార్టీ అనేదే లేదు. ఉన్నదల్లా కాంట్రాక్టర్లూ, ఎమ్మెల్యే మనుషులూను. వాళ్లు గాలి ఎటు వీస్తే అటు పోయారు.

రెండో తప్పు ఇంకా పెద్దది. కుడి చేత్తో ఇచ్చి ఎడమ చేత్తో లాక్కోవడం.

1/70 చట్టం కాంగ్రెస్ హయాంలోదే. అటవీ హక్కుల చట్టం 2006 కాంగ్రెస్ నడిపిన ప్రభుత్వానిదే. ఆ బిల్లును పరిశీలించిన పార్లమెంటు ఉమ్మడి కమిటీకి అధ్యక్షుడు కిశోర్ చంద్రదేవే. 2013 భూసేకరణ చట్టమూ వాళ్లదే. మన రాష్ట్రంలో పెసా నిబంధనలు 2011లో వచ్చాయి, అప్పుడూ వాళ్ల ప్రభుత్వమే. ఇవి చిన్న విషయాలు కావు. ఈ రోజుకీ మనం కోర్టుకెళ్లినా కలెక్టర్ ముందు నిలబడినా చేతిలో ఉండేవి ఈ కాగితాలే. కాదని నేనెందుకు అనాలి?

కానీ 2005లో మన విశాఖ మన్యం బాక్సైట్ కోసం జిందాల్‌తో ఒప్పందం చేసుకున్నదీ కాంగ్రెస్ ప్రభుత్వమే. అప్పటికే 1997లో సమత తీర్పు వచ్చి ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి లీజులివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థతో తవ్వించి ఖనిజాన్ని కంపెనీకి అమ్ముతాం అని పక్కదారి పట్టారు. చివరికి 2012లో కాంగ్రెస్ కేంద్ర మంత్రిగా ఉన్న కిశోర్ చంద్రదేవే, కాంగ్రెస్ రాష్ట్ర ప్రభుత్వం చేసిన పనిని రద్దు చేయమని గవర్నర్‌కి లేఖ రాయాల్సి వచ్చింది. ఒకే పార్టీ, రెండు నాలుకలు. మనం ఏ నాలుకని నమ్మాలి?

పోలవరం కూడా అంతే. లక్షకు పైగా కుటుంబాల్ని కదిలించే ప్రాజెక్టు. పనులు మొదలుపెట్టింది కాంగ్రెస్ హయాంలో, జాతీయ ప్రాజెక్టు అని విభజన చట్టంలో రాసింది కాంగ్రెస్ హయాంలో. మునిగే ఊళ్ల గ్రామసభల్ని మనస్ఫూర్తిగా అడిగింది ఎవరు?

ఇదంతా పాత కథ అనేవాళ్లుంటారు. సరే, కొత్త కథ చూద్దాం. పక్క రాష్ట్రాలు చూద్దాం.

ఛత్తీస్‌గఢ్‌లో 2018లో సర్గుజా డివిజన్‌లోని 14 సీట్లకి 14 కాంగ్రెస్‌వే. బస్తర్‌లో 12కి 11. అంతకుముందు 2015లో రాహుల్ గాంధీ హస్దేవ్ అడవిలోని మదన్‌పూర్ ఊరికెళ్లి అక్కడి ఆదివాసీల పక్కన నిలబడతానని చెప్పొచ్చారు. తీరా సొంత ప్రభుత్వం వచ్చాక, 2022లో అదే హస్దేవ్‌లో బొగ్గు తవ్వకానికి అనుమతులిచ్చారు. 2023 ఎన్నికల్లో సర్గుజాలో 14కి సున్నా. బస్తర్‌లో 4. ఓటమికి ఇదొక్కటే కారణమని నేననను. కానీ ఆదివాసీ తన ఓటు వెనక్కి తీసుకోగలడని మాత్రం అక్కడ తేలిపోయింది.

తెలంగాణలో 2023లో 12 ఎస్టీ సీట్లలో 9 కాంగ్రెస్‌కి ఇచ్చారు మనవాళ్లు. సీతక్క లాంటి ఆడబిడ్డ మంత్రి అయింది, మనకి గర్వమే. కానీ 2025లో కుమ్రం భీం పేరు పెట్టి పులుల కారిడార్ అంటూ జీవో 49 తెచ్చారు. జల్ జంగల్ జమీన్ అన్న మనిషి పేరుతోనే జంగల్ నుంచి మనల్ని బయటపెట్టే భయం పుట్టించారు! ఊళ్లు కదిలాయి, బందులు జరిగాయి, జులైలో జీవోని నిలిపేశారు. నిలిపేసినందుకు సంతోషం. కానీ ముందే గ్రామసభని అడిగి ఉంటే? తప్పు చేసి వెనక్కి తగ్గడం ఒకటి, అడిగి అడుగేయడం ఒకటి. మనం కోరేది రెండోది.

రాజస్థాన్‌లో అయితే యువత విసిగిపోయి సొంతంగా భారత్ ఆదివాసీ పార్టీ పెట్టుకున్నారు. 2024లో బాన్స్‌వాడా పార్లమెంటు సీటు గెలిచారు. కాంగ్రెస్ చివరికి వాళ్లకే మద్దతు చెప్పాల్సి వచ్చింది. అక్కడ జరిగింది ఇక్కడ జరగదని ఎవరూ అనుకోవద్దు.

మరి కాంగ్రెస్ ఏం చేయాలి? నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, తప్పు ఒప్పుకోవాలి. పాడేరు సంత రోజున, మైకులో, బాక్సైట్ ఒప్పందం మా తప్పు అని చెప్పాలి. వైఎస్ షర్మిల గారు పీసీసీ అధ్యక్షురాలు. ఆ ఒప్పందం నాటి ముఖ్యమంత్రి కూతురు ఆ మాట చెప్తే దాని బరువే వేరు. తండ్రి చేసిన మంచిని చెప్పుకునే హక్కు ఆమెకుంది, ఈ బాధ్యత కూడా ఉంది.

రెండోది, టికెట్. విజయవాడలో గది తలుపులేసుకుని పేర్లు రాయొద్దు. మండలాల్లో సభ పెట్టండి, ఊరి పెద్దలూ, ఆడవాళ్లూ, చదువుకున్న పిల్లలూ పేర్లు చెప్పనివ్వండి. కొందు, పోర్జ, గదబ లాంటి తెగల పిల్లలు డిగ్రీలు చేసి కూడా జెండాలు మోస్తున్నారు. టికెట్ల మాట వచ్చేసరికి వాళ్ల పేర్లు వినిపించవు. ఎందుకని?

మూడోది, జీవో 3. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి ఆ జీవోని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బీఈడీ చేసిన మా వయసు పిల్లలకి అది కడుపు మీద దెబ్బ. అధికారంలో ఉన్నవాళ్లు చూస్తాం చూస్తాం అంటున్నారు. మీకు అధికారం లేదు, నిజమే. కానీ లాయర్లున్నారు, మాజీ మంత్రులున్నారు. కోర్టులో నిలబడే చట్టం ముసాయిదా ఒకటి రాసి గ్రామసభల ముందు పెట్టండి. ప్రతిపక్షం అంటే అది కదా.

నాలుగోది, ఎన్నికలు లేని రోజుల్లో కనిపించండి. పోడు దరఖాస్తు తిరస్కరించిన ఊళ్లో అప్పీలు రాసిపెట్టే మనిషి కావాలి. డోలీలో గర్భిణిని మోసుకొస్తున్నప్పుడు ఫొటోకి కాదు, ఆ రోడ్డు ఫైలు ఏ బల్ల మీద ఆగిందో కనుక్కునే మనిషి కావాలి. ఈ పని చేసినవాడికి ఎన్నికలప్పుడు పోలింగ్ ఏజెంట్ దొరకడా?

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు అధికారంలో ఉన్న రాష్ట్రాల్లో గ్రామసభ మాట నెగ్గనివ్వండి. అక్కడ కాదన్న ఊరి మాటకి విలువ ఇచ్చారని తెలిస్తే ఇక్కడ మీరు ఉపన్యాసాలు ఇవ్వక్కర్లేదు.

కొందరు మిత్రులు అంటారు, చచ్చిన పార్టీకి వైద్యం ఎందుకన్నా అని. 2024లో వైసీపీ రాష్ట్రమంతా 11కి పడిపోయినా అరకు, పాడేరు దానితోనే ఉన్నాయి. 2019లో ఏడుకి ఏడూ గెలిచిన ఆ పార్టీకే మిగతా ఐదు దక్కలేదు. 2019లో అరకు పార్లమెంటులో నోటాకి 47 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. కొన్ని పొరపాటున నొక్కినవే అనుకున్నా, మిగతావాళ్లు ఎవరూ నచ్చలేదని చెప్పినట్టే కదా. అంటే మన ఓటు ఎవరి జేబులోనూ లేదు. వెతుక్కుంటోంది.

మనం చేయాల్సింది ఒకటుంది. ఏ పార్టీ వాళ్లు ఊరికొచ్చినా ఈ ఐదూ అడగండి. కాంగ్రెస్‌నే కాదు, టీడీపీనీ, వైసీపీనీ, జనసేననీ, బీజేపీనీ అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.

దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. కాంగ్రెస్ మా కొండ మీద అలాగే కొండెక్కింది. మళ్లీ వెలగాలంటే నూనె ఢిల్లీ నుంచి తెచ్చేది కాదు, ఇక్కడి ఊళ్లే పోయాలి. అడిగే తీరు బాగుంటే పోస్తాం. మా నానమ్మ వచ్చే ఎన్నికలకి ఉంటుందో లేదో తెలీదు. ఉంటే మాత్రం చెయ్యి ఎన్నో వరసలో ఉందని అడుగుతుంది. దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు, వాళ్లు.

జై ఆదివాసీ.