పిల్లి గోరూ, పదిమంది వైద్యులూ

మన తెలుగువాళ్ళలో పుట్టుకతోనే వైద్యం రానివాళ్ళు చాలా తక్కువ. కావలిస్తే ఓ నలుగురి మధ్య నిలబడి ఒక్కసారి తుమ్మి చూడండి. మిరియాల కషాయం దగ్గర్నించి మూడు రంగుల మాత్రలదాకా మందులన్నీ వచ్చి ఒళ్ళో పడతాయి. అయితే మనిషికి ఒక రక్షణ ఉంది. ‘‘అబ్బే, నాకొద్దండీ’’ అనగలడు. పిల్లి అనలేదు. అన్నా మన చెవికి అది ‘మ్యావ్’ మాత్రమే.

ఈమధ్య మా పిల్లి కిటికీకి కొట్టిన దోమల జాలీ ఎక్కబోయింది. ముందుకాలి గోరు అందులో ఇరుక్కుంటే విదిలించుకుని కిందికి దూకింది. గోరు మొదలు దగ్గర చీలి వేలాడుతోంది. గచ్చంతా నెత్తురు చుక్కలు. అంతే, పది నిమిషాల్లో మా వాటాలో సభ కూడింది. పక్కవాటా పిన్నిగారు పసుపూ సున్నమూ నూరి పట్టుకొచ్చారు. మేడమీద అబ్బాయి, నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడే ఆ ఘాటు మందు సీసాతో దిగాడు. ఎదురింటి మేష్టారు ‘‘పాపం, నొప్పికి పారాసిటమాల్ సగం ముక్క పాలలో కలిపి పట్టించమ్మా’’ అన్నారు. ఇంకొకాయన కిరసనాయిలు పేరు చెప్పారు. మావారు చేతిలో పేపరు దించకుండానే ‘‘పిల్లేగా! అదే నాక్కుంటుంది, వదిలెయ్యి’’ అన్నారు.

‘పిల్లేగా!’ నా పోట్లాటంతా ఈ మాటతోనే. చేతికందిన మందల్లా పూసేవాళ్ళూ అదే అంటారు, ఏమీ చెయ్యకుండా కూర్చునేవాళ్ళూ అదే అంటారు. ఒకరికి అది ప్రయోగం చెయ్యడానికి అనుమతి. ఇంకొకరికి కుర్చీలోంచి లేవకుండా ఉండటానికి సాకు. నలిగేది మాత్రం ఆ మూడుకిలోల ప్రాణం.

ముందు ప్రయోగాలవాళ్ళ సంగతి చూద్దాం. పిల్లి కాలిమీద మీరు ఏది పూసినా, అది పిల్లి కడుపులోకే వెళుతుంది. మీరు చెయ్యి కడుక్కుని వచ్చేలోగా అది నాకేస్తుంది. అంచేత పై పూతకీ లోపలికిచ్చే మందుకీ తేడా మనకే గానీ దానికి లేదు. సున్నం పుండుని కాలుస్తుంది, ఆ తరవాత నాలికనీ కాలుస్తుంది. ఆ తెల్లబడే మందులో క్లోరోక్సిలినాల్ ఉంటుంది. గచ్చు కడిగే ఫినాయిల్ జాతిదే అది కూడానూ. ఆ జాతి మందుల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. మనకి శుభ్రమనిపించే ఆ వాసన దానికి విషం.

పారాసిటమాల్ సంగతి మరీ ఘోరం. మనం పిప్పరమెంటు బిళ్ళల్లా మింగే ఐదువందల మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తియ్యడానికి. సగం ముక్కకీ బతుకుతుందన్న పూచీ లేదు. నెత్తురు ప్రాణవాయువుని మొయ్యడం మానేస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. మొహం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. గోరు ఊడితే చావని పిల్లి, మన జాలివల్ల చస్తుందన్నమాట! మేష్టారితో ఈ మాటే అన్నాను. ‘‘నేను నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పానమ్మా’’ అన్నారాయన. పిల్లలకి చెప్పారు, నిజమే.

ఇక ‘నాక్కుంటే తగ్గిపోతుంది’ అనే రెండో పార్టీ. వీళ్ళని నేనొకటి అడుగుతాను. అదే పిల్లి మీ వేలు కొరికితే ఏం చేస్తారు? సబ్బుతో కడుక్కుని, ఇంజెక్షన్‌కి పరిగెత్తరూ? పరిగెత్తాలి కూడాను. కొరికినా, నెత్తురు వచ్చేలా గీరినా పావుగంటసేపు ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మరి మన వేలికి ప్రమాదమైన నోరు, దాని వేలికి మాత్రం ధన్వంతరి ఆశ్రమం ఎలా అయింది? పిల్లి నాలిక ఆకురాయిలా గరుకుగా ఉంటుంది. ఒకటి రెండుసార్లు నాక్కుంటే ఫరవాలేదేమో గానీ, రోజంతా అదే పనిగా రాసుకుంటే పుండు తడారదు, పెద్దదవుతుంది. చీము పడుతుంది.

ఇంతకీ ఆ గోరు మన గోళ్ళలాంటిది కాదు. వేలి చివరి ఎముక మీదనించే పుడుతుంది. లోపల గులాబీరంగులో కనిపించే భాగంలో రక్తనాళమూ నరమూ ఉంటాయి. అది చీలితే అంత నెత్తురూ అంత నొప్పీ అందుకే. నొప్పి ఉన్నా పిల్లి చెప్పుకోదు. మంచం కింద చేరి మౌనవ్రతం పడుతుంది. దాన్ని మనం ‘ఏమీ లేదు, పడుకుంది’ అనుకుంటాం. (గోకుడు చెక్క దగ్గర నెలవంకలాంటి పొట్టు దొరికితే మాత్రం కంగారు పడకండి. అది పై తొడుగు. పాము కుబుసంలా దానంతటదే ఊడుతుంది.)

అయితే ఇంట్లో అసలేమీ చెయ్యకూడదా అంటే, చెయ్యొచ్చు. కానీ చాలా కొంచెం, చాలా ఓపిగ్గా. పాత తువ్వాలులో మొహమూ, దెబ్బతగిలిన కాలూ మాత్రం బయటికి ఉంచి, పసిపిల్లని చుట్టినట్టు చుట్టాలి. ఉతికిన గుడ్డతో గోటిని పదినిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూస్తే, అప్పుడే గడ్డకట్టిన నెత్తురు మళ్ళీ కదులుతుంది. గోరు కొస మాత్రమే విరిగి కారుతుంటే, వంటింట్లో ఉన్న కార్న్‌ఫ్లోర్ చిటికెడు అద్దితే చాలు. నెత్తురు కట్టాక, గ్లాసుడు కాచి చల్లార్చిన నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ నీళ్ళతో మెల్లిగా కడగాలి. కట్టు కట్టొద్దు. మనం కట్టే కట్టు బిగిసి వేళ్ళు వాస్తాయి. దొడ్డికి వెళ్ళే పెట్టెలో ఇసక తీసేసి, చింపిన కాగితాలు పరిస్తే పుండులో మన్ను చేరదు. పిల్లిని నాలుగురోజులు ఒక్క గదిలో ఉంచాలి. ఇంటివైద్యం అక్కడితో సరి.

వేలాడే గోటిని మాత్రం గోళ్ళ కత్తెరతో కత్తిరించబోకండి. అది మత్తిచ్చి తియ్యాల్సిన పని. పావుగంటైనా నెత్తురు ఆగకపోయినా, మర్నాటికి వాపూ వాసనా వచ్చినా, కాలు నేలకి ఆనించకపోయినా, తిండి మానేసినా ఇంక ఇంట్లో కూర్చోకూడదు.

నేను మా పిల్లిని కూరగాయల బుట్టలో పెట్టి, మీద ఇంకో బుట్ట బోర్లించి, ఆటో ఎక్కించాను. ‘‘పిల్లి ఎదురొస్తేనే బండి ఆపేసుకుంటామమ్మా, మీరు లోపలే పెట్టారా!’’ అన్నాడు ఆటో అబ్బాయి. పశువుల ఆస్పత్రిలో మా ముందు ఒక గేదె, రెండు మేకలు. గేదెని తోలుకొచ్చినాయన నా బుట్టలోకి తొంగిచూసి నవ్వాడు. నవ్వనీ. ఆయన గేదె పాలిస్తుంది కాబట్టి దాని డెక్కకి వైద్యం ఉంది. నా పిల్లి పాలివ్వదు, పైగా తాగేస్తుంది. మనింటి లెక్కల పుస్తకంలో జంతువు నొప్పికి విలువ అది ఇచ్చే లీటర్లని బట్టేనా? డాక్టరు పని పది నిమిషాల్లో అయింది. మత్తిచ్చి గోరు తీసేసి, మందు రాసిచ్చి, మొదలు బాగుంది కనక గోరు మళ్ళీ వస్తుందన్నారు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనకందరికీ తెలుసు. వేడిపాలు తాగి మూతి కాల్చుకున్న ఆ పిల్లి, మళ్ళీ పాలగిన్నె కనిపిస్తే చాలు, పారిపోయేది. రామకృష్ణుడి తెలివికి చప్పట్లు కొడుతూ వింటాం గానీ, ఆ కథని పిల్లి వైపునించి ఎవరం వినలేదు. పుండుమీద సున్నం పూసిన చెయ్యిని పిల్లి మర్చిపోతుందనుకుంటున్నారా? మళ్ళీ దెబ్బ తగిలితే మీకు చూపించదు. దాక్కుంటుంది.

ఇదంతా విన్న ఒకావిడ, ఉన్న పద్దెనిమిది గోళ్ళూ ఒకేసారి పీకించేస్తే ఈ గొడవే ఉండదు కదా, మా సోఫా కూడా బతుకుతుంది అన్నారు. అమెరికాలో వాళ్ళ అమ్మాయి పక్కింటివాళ్ళు చేయించారట. గోరు పీకడమంటే వేలి చివరి ఎముకతో సహా కోసెయ్యడం. అంటే మన పది వేళ్ళూ కొస కణుపు దగ్గర నరికినట్టు. బ్రిటన్‌లో దాన్ని చట్టమే ఒప్పుకోదు. ఆ అమెరికాలోనే న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది. ఆవిడతో నేను చట్టాలు మాట్లాడలేదు. రెండు వారాలకోసారి గోటి కొస తెల్లటి భాగం మాత్రం కత్తిరించమని చెప్పి, సోఫా పక్కన నిలబెట్టమని మా ఇంట్లో ఉన్న గోనెపట్టా చుట్టిన చెక్క ఒకటి ఇచ్చి పంపాను.