ముందు మేడ, ఆ తరువాతే రచయిత్రి

అమెరికా నడిమి రాష్ట్రాలలో కారు ప్రయాణం చేసినవారికి చిన్న ఊళ్ళలో పాత ఇటుకమేడల నుదుట ‘ఆపెరా హౌస్’ అన్న అక్షరాలు కనబడే ఉంటాయి. ఇంత చిన్న ఊరికి ఆపెరా ఏమిటని నవ్వుకోవడమూ మామూలే. ఆ నవ్వుతో నాకు కొంత పేచీ ఉంది. ఆ మేడలకు ఆనక మనం పట్టే హారతితో ఇంకా పెద్ద పేచీ ఉంది.

ముందు నవ్వు సంగతి. ఆ వేదికల మీద ఆపెరా ఆడింది తక్కువే. పంతొమ్మిదో శతాబ్దపు చర్చి కుటుంబాలకు ‘థియేటర్’ అన్న మాటలో పాపపు వాసన తగిలేది. ‘ఆపెరా’ అంటే గౌరవంగా వినబడేది. కనుక ఆ పేరు వట్టి డాంబికం కాదు. నాటకం చూడడానికి ఊరు తనకు తాను ఇచ్చుకున్న అనుమతి.

ఇక హారతి. నెబ్రాస్కాలోని రెడ్ క్లౌడ్‌ను తీసుకుందాం. 2020 లెక్కల ప్రకారం జనాభా వెయ్యికి లోపే. అక్కడి ఆపెరా హౌస్ 1885లో కట్టినది: కింద ఇనుపసామాన్ల కొట్టు, పైన నాటకశాల. దశాబ్దాలు మూతబడి ఉండి, బాగుచేతల తరువాత 2003లో మళ్ళీ తెరుచుకుంది. ఎందుకు నిలిచింది? విల్లా కేథర్ 1890లో హైస్కూలు పట్టా పుచ్చుకుంటూ ప్రసంగించిన వేదిక కనుక. నిలిచినందుకు సంతోషమే. కానీ ఆ ‘కనుక’ తలకిందుల వాదం.

సంవత్సరాల వరస చూడండి. 1883లో తొమ్మిదేళ్ళ కేథర్ వర్జీనియా నుంచి ఈ గడ్డిమైదానానికి వచ్చింది. రెండేళ్ళకు మేడ లేచింది. రైలుమార్గం వెంట నాటక సమాజాలు ఊరికి వచ్చేవి. 1888లో ఆమె అదే వేదిక మీద ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’లో తండ్రి వేషం కట్టింది. 1890 నాటి ప్రసంగంలో మూఢవిశ్వాసానికి ఎదురుగా శాస్త్ర పరిశోధనను నిలబెట్టి వాదించింది. ఇరవయ్యేళ్ళు నిండకముందే లింకన్ నగరపు పత్రికలో రాతలు మొదలుపెట్టి, త్వరలోనే నాటక విమర్శకురాలైంది. 1923లో పులిట్జర్ బహుమతి అందుకున్నాక కూడా మరచిపోలేదు; 1929లో ఒమాహా పత్రికకు ఈ చిన్న ఊళ్ళ నాటకశాలలను తలచుకుంటూ ఉత్తరం రాసింది. 1935 నాటి ‘లూసీ గేహార్ట్’ నవలలోనూ అటువంటి శాలను చిత్రించింది.

కేథర్ వల్ల ఆ మేడ గొప్పది కాలేదు. ఆమెను తీర్చినవాటిలో ఆ మేడ ఒకటి. ఆ బల్లల మీదే కూర్చున్న రైతులూ, కొట్టువాళ్ళూ, వలస కుటుంబాల పిల్లలూ చూసిందీ ఆ నాటకాలే. వారి పేర్లు మనకు తెలియనంత మాత్రాన వారికి దక్కింది తక్కువ కాదు.

సినిమా ఈ మేడలను చంపిందంటారు. అది సగం నిజం. 1896లో కొద్దిమంది వ్యాపారులు ‘థియేట్రికల్ సిండికేట్’గా ఏర్పడి, దేశంలోని పెద్ద నాటక సమాజాల రాకపోకలను చాలావరకు తమ గుప్పిట పెట్టుకున్నారు. 1903లో షికాగో ఇరొక్వా థియేటర్ అగ్నిప్రమాదంలో 602 మంది మరణించాక, నాటకశాలల భద్రతా నియమాలు బిగిశాయి. అప్పటికే ఒడిదుడుకుల్లో ఉన్న రంగం మీదికి సినిమా వచ్చింది.

“అన్నింటినీ నిలపడానికి డబ్బెక్కడిది? ఎంచుకోక తప్పదు కదా?” అంటారు. నిజమే, ఎంచుకోండి. కానీ ఎవరు ప్రసంగించారని కాదు, ఈ ఊరి పిల్లలకు ఇవాళ ఎక్కడానికి మరో వేదిక ఉందా అని అడిగి ఎంచుకోండి. కీర్తిని కొలతగా పెడితే కేథర్ పుట్టని ఊరి మేడ గోదాము అవుతుంది, కప్పు కారుతుంది, కూలుతుంది. మరో నష్టమూ ఉంది. ఇటువంటి వేదికల మీదే తెల్లవారు ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లవారిని వెక్కిరించిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలూ జరిగాయి. మహనీయుల పేరు చెక్కిన ఫలకం ఆ చరిత్రను సులువుగా కప్పేస్తుంది.

రచయిత పుట్టాక వేదికను కాపాడడం కృతజ్ఞత. అది మంచిదే. కానీ ఎవరు పుడతారో తెలియకుండానే వేదిక కట్టారే, 1885 నాటి ఆ ఊరివాళ్ళు, వివేకమంటే అది. మనం మెచ్చుకోవలసింది ముందుగా వారిని.