పనిముట్టు మారినా పాఠం మిగలాలి

గోదావరి తీరాన వెలసిన రామగుండం, గోదావరిఖని పట్టణాలకు బొగ్గే జీవనాధారం. సింగరేణి భూగర్భ గనుల్లో ఒకప్పుడు కార్మికుడు చెమ్మస్‌తో బొగ్గును తట్టకెత్తి, ఆ తట్టను మోసుకొనిపోయి టబ్బులో నింపేవాడు. 'తట్టా చెమ్మస్' అన్న మాట ఆ కష్టానికి పర్యాయపదంగా నిలిచింది. తరువాత యంత్రాలు వచ్చాయి. ఓపెన్‌కాస్టు గనులు విస్తరించాయి. పనిముట్లు మారినా భూగర్భ గనిలో ఒక అలవాటు మాత్రం మారలేదు. పైకప్పును కర్రతో తట్టి, వెలువడే ధ్వనిని శ్రద్ధగా వింటారు. గట్టి కప్పు ఒక తీరుగా, వదులైన కప్పు బోలుగా పలుకుతుంది. పనిముట్టు ఎంత గొప్పదైనా అది లోపాన్ని కప్పిపుచ్చకూడదన్నది గని నేర్పే మొదటి పాఠం.

ఆ గని కార్మికుల ఇళ్లలోని పిల్లలు నేడు కంప్యూటర్ ముందు కూర్చుని వెబ్‌సైట్లు నిర్మించడం నేర్చుకొంటున్నారు. వారికి తొలినాడే ఎదురయ్యే ప్రశ్న, కోడ్‌ను ఏ ఎడిటర్‌లో రాయాలన్నది. వెబ్ పేజీ కంటికి ఎంత రంగులమయంగా కనిపించినా, దాని వెనుక ఉండేది సాదా అక్షరాల వరుస మాత్రమే. ఆ వరుసను రాసి, దిద్ది, భద్రపరచే సాధనమే టెక్స్ట్ ఎడిటర్. దీని ఎంపికను కొందరు అల్పవిషయంగా భావిస్తారు. మరికొందరు మిత్రుడు వాడుతున్నాడనో, తెర అందంగా ఉందనో ఏదో ఒకటి ఎంచుకొంటారు. ఈ రెండు ధోరణులూ సరికావు. ఎడిటర్‌కు పెట్టవలసిన పరీక్ష ఒక్కటే ఉంది. రేపు ఆ ఎడిటర్ కనుమరుగైనా, అందులో రాసిన పాఠం చెక్కుచెదరకుండా రాసినవారికి దక్కాలి.

ఈ మాటలోని అంతరార్థం ప్రాచీన సాహిత్య చరిత్ర తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. తాటాకుపై గంటంతో రాసిన కాలంలో ఒక ప్రతి నుంచి మరొక ప్రతి పుట్టేటప్పుడు అక్షరాలు జారిపోయేవి, పంక్తులు తారుమారయ్యేవి. పందొమ్మిదో శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించడానికి కారణం ఇదే. గ్రంథ పరిష్కర్తలకు తెలిసిన సత్యం ఒకటుంది. తెలియక తప్పు రాసిన లేఖకుని కంటె, తనకు తెలుసుననుకొని పాఠాన్ని 'సవరించిన' లేఖకుడే ఎక్కువ హాని చేస్తాడు. మొదటివాని తప్పు తప్పుగానే కనిపిస్తుంది. రెండవవాని తప్పు ఒప్పు వేషంలో దాగి ఉంటుంది.

కార్యాలయ పత్రాల కోసం చేసిన వర్డ్ ప్రాసెసర్‌లో కోడ్ రాస్తే జరిగేది అదే. అది నిలువు ఉద్ధరణ చిహ్నాలను అందం కోసం వంపు చిహ్నాలుగా మార్చివేస్తుంది. మనిషి కంటికి ఆ తేడా అల్పం. బ్రౌజర్‌కు మాత్రం అవి వేరువేరు అక్షరాలు. చిత్రం కనిపించదు, లంకె తెరుచుకోదు. విద్యార్థి తన తెలివినే శంకించుకొంటాడు. నిజానికి తప్పు అతనిది కాదు, అడగకుండా సహాయం చేసిన పనిముట్టుది.

తెలుగువారికి ఈ ఎంపికలో మరొక బాధ్యత కూడా ఉంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు తెలుగును రోమన్ అక్షరాలలో టైపు చేసే ఒక పద్ధతిని రూపొందించారు. తెలుగు అక్షరాలు తెలియని ఎడిటర్‌లో సైతం తెలుగు రాయడానికి అది వీలు కల్పించింది. ఆ తరువాత పత్రికలు, సంస్థలు తమ తమ సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు తెరిచాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు ముచ్చటగా కనిపించేది. లేనిచోట అర్థం లేని గుర్తుల గుంపు దర్శనమిచ్చేది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించినా, అది వాడుకలోకి రావడానికి ఏళ్లు పట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే, ఫాంట్లకు బందీలైన పాత పేజీలను యూనికోడ్‌లో చదువుకొనేందుకు 'పద్మ' అనే ఉపకరణాన్ని రూపొందించారు. రాసినదాన్ని చదవడానికి మరొక పనిముట్టును సృష్టించవలసి రావడం ఎంతటి వ్యయప్రయాస!

నేటికీ ఎడిటర్‌ను పరీక్షించే తీరు దీనినుంచే గ్రహించవచ్చు. 'స్త్రీ' అన్నది కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈత్వం అనే ఆరు సంకేతాల కూర్పు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతం మూడు బైట్ల చొప్పున మొత్తం పద్దెనిమిది బైట్లు ఆక్రమిస్తుంది. ఈ పద్ధతిలో దాచని ఎడిటర్ తెలుగుకు పనికిరాదు. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ చాలాకాలం ఏఎన్ఎస్ఐ అనే పాత పద్ధతినే ముందుగా ఎంచుకొనేది. హెచ్చరికను గమనించక అలాగే భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారేది. 2019లో వచ్చిన మార్పుతో అది యూటీఎఫ్-8నే ముందుగా ఎంచుకొంటున్నది. కనుక కొత్త ఎడిటర్ చేతికి వచ్చినప్పుడు 'స్త్రీ' అని రాసి, భద్రపరచి, మూసి, మళ్లీ తెరిచి చూడాలి. బ్రౌజర్‌లోనూ చూడాలి. అక్షరాలను సమానమైన గళ్లలో అమర్చే కొన్ని ఎడిటర్లలో వత్తులు చెదిరినట్లు కనిపించవచ్చు. దాచిన సంకేతాలు సరిగా ఉన్నంతవరకు అది చూపులో దోషమే కాని పాఠంలో దోషం కాదు.

ఈ శ్రద్ధ ఎందుకని అడగవచ్చు. గోదావరిఖనిలో ఒక విద్యార్థిని తన తాత నోట వినవచ్చే గనిపని మాటలతో ఒక వెబ్ పేజీ తయారు చేస్తున్నదని ఊహిద్దాం. తట్ట, చెమ్మస్ వంటి పనిముట్ల పేర్లూ, ఆ పనితో ముడిపడిన పలుకుబళ్లూ అందులో ఉంటాయి. పనిముట్టు మూలపడితే దాని పేరు కూడా క్రమంగా మరుగున పడుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను అలా మరుగున పడకుండా కాపాడింది. ఆ బాలిక చేస్తున్నదీ ఆ కోవకు చెందిన పనే. ఆమె రాసినది ప్రశ్నార్థకాలుగా మారితే, ఆ మాటలు మళ్లీ చెప్పడానికి తాత ఉండకపోవచ్చు.

ఇక ఎంపిక మాట. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్, 2003లో వచ్చిన నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్, 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ మొదలైనవి పైసా ఖర్చు లేకుండా లభిస్తాయి. కనుక ఖరీదు లేనిదే నాణ్యమైనది కాదన్న భ్రమ విడిచిపెట్టాలి. 2014లో వచ్చి ఎందరి మన్ననో పొందిన ఆటమ్ అనే ఎడిటర్ 2022 డిసెంబరులో నిలిచిపోయింది. అయినా అందులో రాసిన కోడ్ ఏదీ నష్టం కాలేదు. సాదా పాఠంగా ఉన్నందువల్ల ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకొంటున్నది. మంచి పనిముట్టుకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఉద్యోగాలలో అందరూ వాడే ఎడిటర్‌నే మొదటినుంచీ నేర్చుకోవాలనీ, సగం మాట రాయగానే మిగతా సగాన్ని పూరించే సాధనాలుండగా సాదా ఎడిటర్‌తో శ్రమ దేనికనీ కొందరి వాదన. ఇందులో నిజం లేకపోలేదు. నేడు కృత్రిమ మేధ పుటలకొద్దీ కోడ్‌ను క్షణంలో రాసి ఇస్తున్నది. పని తెలిసినవానికి అది గొప్ప ఆసరా. కాని తొలిమెట్టు మీద ఉన్నవాడు తెరిచిన ట్యాగును మూయడం మరచి, పేజీ చెదిరిపోవడం చూసి, లోపం ఎక్కడుందో తానే వెదికి పట్టుకోవాలి. యతిప్రాసలు స్వయంగా కూర్చినవానికే ఇతరుల పద్యంలోని యతిభంగం చెవికి తగులుతుంది. మొదటి కొన్ని నెలలు సాదా ఎడిటర్‌లో చేయి తిరిగిన తరువాత ఎంతటి సాధనానికైనా మారవచ్చు. పాఠం సాదాగానే ఉంది కనుక ఆ మార్పుకు అయ్యే నష్టమేమీ లేదు.

గనిలో యంత్రం ఎంత బొగ్గునైనా తవ్వగలదు. పైకప్పు పలికే ధ్వనిని వినడం మాత్రం మనిషి నేర్చుకోవలసిందే. ఆ వినికిడిని అలవరచే ఎడిటర్‌నే విద్యార్థి మొదట చేతబట్టాలి.